మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత జూన్ నుంచి ఈ మే నెలాఖరు దాకా మన సంఘం చేసిన పనులు, చేయలేకపోయినవి, డబ్బు లెక్కలు మీ ముందు పెడుతున్నాను. నల్లగొండలోని మన చిన్న ఆర్ట్స్ కాలేజీలో బీఏ రాజనీతిశాస్త్రం చదివినవాళ్లు, ఇప్పుడు చదువుతున్నవాళ్లు కలిసి నడుపుకుంటున్న సంఘం ఇది. ఈ ఏడాది కొత్త సభ్యులు ఎక్కువ మంది చేరారు కాబట్టి, అసలు ఈ సంఘం ఎందుకో ముందు చెప్పాలి.

మన ఊళ్లలో ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే, బీఏ అని చెప్పగానే ఎదుటివాళ్ల ముఖం ఎలా మారుతుందో మనందరికీ అనుభవమే. ఎక్కడా సీటు రాలేదా అన్నది వెంటనే వచ్చే రెండో ప్రశ్న. ఎక్కడా సీటు రాకపోతే చేరే కోర్సు ఇది అన్న మాట పిల్లల మనసులో కూడా పడిపోతోంది. ఆ మాటను తీసెయ్యడమే మన పని. నీళ్లు, భూమి, ఓటు, రిజర్వేషన్, ప్రాజెక్టు, వలస: ఈ జిల్లాలో మనం ఇంట్లో మాట్లాడుకునే ప్రతి విషయమూ రాజనీతిశాస్త్రమే. దాన్ని పద్ధతిగా, మన భాషలో చదవగలగాలి. ఈ ఏడాది చేసిన ప్రతి పనీ దీనికోసమే.

ప్రవేశాలు

దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాలు) నోటిఫికేషన్ రాకముందే, ఎండాకాలంలోనే, ఇంటర్ పూర్తిచేసిన పిల్లల ఇళ్లకు వెళ్లాలని నిరుడు తీర్మానం చేసుకున్నాం. దేవరకొండ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లకు, తండాలకు మన పాత విద్యార్థులు పదకొండు మంది తిరిగారు. కాంబినేషన్ల గురించి పిల్లలకు ఏమీ తెలియదు. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిపి తీసుకుంటే ఏమవుతుంది, చరిత్ర బదులు ప్రభుత్వ పాలనాశాస్త్రం తీసుకుంటే ఏమవుతుంది అని కూర్చుని చెప్పాల్సి వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నెట్ సెంటర్ అతను ఏది నొక్కితే అదే కోర్సు అయిపోతోంది. అందుకే ఆ రోజుల్లో ఇద్దరు సభ్యులు పిల్లల పక్కనే కూర్చున్నారు. అంతకు ముందు ఏడాది మొదటి సంవత్సరంలో 23 మంది చేరితే ఈసారి 31 మంది చేరారు. వాళ్లలో 19 మంది అమ్మాయిలు.

ముప్పై ఒక్కరంటే తక్కువే కదా అని కొందరు సభ్యులు అన్నారు. నాకు అలా అనిపించదు. పెద్ద కాలేజీలో వందమంది క్లాసులో వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకుని వెళ్లిపోయే పిల్లను, ఇక్కడ సార్ పేరు పెట్టి లేపి, రూసో చెప్పినదాంట్లో నీకు ఏది ఒప్పుగా అనిపించలేదు అని అడుగుతారు. మొదటి సెమిస్టరులో ఆ పిల్లకు చెమటలు పడతాయి. మూడో సెమిస్టరుకు వచ్చేసరికి ఎదురు ప్రశ్న వేస్తుంది. చిన్న కాలేజీ ఇవ్వగలిగేది ఇదే. లోటు కూడా చెప్పాలి. రెగ్యులర్ అధ్యాపకులు ఒక్కరే, గెస్ట్ లెక్చరర్ ఒకరు. అంతర్జాతీయ సంబంధాలు, రాజకీయ తాత్విక చింతన, భారత రాజ్యాంగం అన్నీ ఆ ఇద్దరే చెప్పాలి. ఒకరు సెలవు పెడితే సగం పాఠం ఆగిపోతుంది.

రెండో శనివారం ముచ్చట

ఇది మన సంఘం చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. నెలలో రెండో శనివారం మధ్యాహ్నం చదువుతున్న పిల్లలు, పాత విద్యార్థులు ఒక గదిలో గుండ్రంగా కూర్చుని ఒకే విషయం మాట్లాడుకోవడం. సంవత్సరంలో తొమ్మిది సార్లు జరిగింది. పరీక్షలు, సంక్రాంతి సెలవుల వల్ల మూడు సార్లు జరగలేదు.

అన్నిటిలో ఆగస్టు ముచ్చట గురించి వివరంగా చెప్పాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రిజర్వేషన్ కోసం ఎస్సీ కులాలను గ్రూపులుగా వర్గీకరించే అధికారం రాష్ట్రాలకు ఉందని 6–1 మెజారిటీతో తీర్పు చెప్పింది. అలా వర్గీకరించడం కుదరదని 2004లో చిన్నయ్య కేసులో ఐదుగురు న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పును అది పక్కన పెట్టింది. ఆ పాత కేసు మన ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టం మీద వచ్చిందే. అంటే ఈ వివాదం మన ఇంటిది. మా గదిలో మాల పిల్లలు ఉన్నారు, మాదిగ పిల్లలు ఉన్నారు, రెండూ కాని వాళ్లూ ఉన్నారు. ఈ విషయం పెట్టుకోవద్దు, గొడవ అవుతుందని ఇద్దరు ముగ్గురు పెద్ద సభ్యులు నాకు ఫోన్ చేశారు. నాకూ ఆ వారమంతా టెన్షన్ తగ్గలేదు.

మాకు పాఠం చెప్పే మేడమ్ ఒక నియమం పెట్టారు. ఎవరైనా సరే తమ అభిప్రాయం చెప్పేముందు, ఎదుటి పక్షం వాదనను ఆ పక్షం వాళ్లు అవును అదే మా మాట అని ఒప్పుకునేలా చెప్పాలి. తర్వాతే తమ మాట. మొదటి అరగంట ఎవరికీ చేతకాలేదు. చెప్పడం మొదలుపెట్టి మధ్యలోనే తమ వాదనలోకి జారిపోయేవాళ్లు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ వచ్చింది. మెజారిటీ తీర్పుతో విభేదించిన జస్టిస్ బేలా త్రివేది రాష్ట్రపతి ప్రకటించిన ఎస్సీ కులాల జాబితాను రాష్ట్రాలు తాకకూడదని ఎందుకన్నారో, ఆమె తీర్పు నచ్చని పిల్లవాడే అందరికన్నా బాగా వివరించాడు. సాయంత్రం బస్సు టైమ్ అయిపోతున్నా ఎవరూ లేవలేదు. ఈ ఏప్రిల్ 14న మన రాష్ట్రంలో 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా చేసిన చట్టం అమల్లోకి వచ్చినప్పుడు, ఆ పిల్లలే మళ్లీ కూర్చుని జీవోను లైను లైనుగా చదువుకున్నారు. వాళ్లు అన్నీ ఒప్పుకున్నారని నేను అనడం లేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. కలిసి చదువుకుంటున్నారు.

నవంబరు 26న రాజ్యాంగానికి 75 ఏళ్లు నిండిన సందర్భంగా పీఠిక అందరూ చదివే కార్యక్రమం జరిగింది. అది మామూలే. ఆ రోజు మొదటి సంవత్సరం అమ్మాయి వేసిన ప్రశ్న మాత్రం మామూలుది కాదు. రాజ్యాంగ సభలో మన నల్లగొండ వాళ్లు ఎవరున్నారని అడిగింది. ఎవరూ లేరు. హైదరాబాద్ సంస్థానం నుంచి ఆ సభకు ప్రతినిధులే వెళ్లలేదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత, 1949 నవంబరులో నిజాం ఫర్మానాతో ఆ రాజ్యాంగం మనకూ వర్తించింది. రాజ్యాంగం రాసేటప్పుడు నోరు లేని ఈ జిల్లాయే, 1952 మొదటి ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారి కన్నా ఎక్కువ ఓట్లు వేసి లోక్‌సభకు పంపింది. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండడంతో ఆయన పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు. పక్క జిల్లా పాలమూరులో షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు గారు హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. వనపర్తి సురవరం ప్రతాపరెడ్డి గారిని శాసనసభకు పంపింది. ఈ మూడు పేర్లూ పిల్లలు బస్టాండుల్లో, చౌరస్తాల్లో విన్నవే. ప్రాతినిధ్యం అనే పాఠంలో ఇవి వస్తాయని ఆ రోజే తెలిసింది వాళ్లకు.

1996 బ్యాలెట్ పని

ఈ ఏడాది మనం మొదలుపెట్టిన పెద్ద పని ఇదే, ఇంకా పూర్తికాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గారపట్టి, కాళ్లు వంకరపోయి, నడుములు వంగిపోయిన ఊళ్ల జనం, తమ గోడు ఢిల్లీకి వినపడాలని వందల సంఖ్యలో నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఎన్నికనే వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత పార్లమెంటు చట్టం మార్చింది. లోక్‌సభకు 500 రూపాయలున్న డిపాజిట్ 10,000 అయింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి కానివాళ్లకు పది మంది ప్రతిపాదించాలని నిబంధన వచ్చింది. ఇప్పుడు ఆ డిపాజిట్ 25,000, ఎస్సీ ఎస్టీలకు అందులో సగం.

దేశంలో ఏ కాలేజీలోనైనా ఎన్నికల సంస్కరణల పాఠంలో మన జిల్లా పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఆ వాక్యం వెనక ఉన్న మనుషులు మన పిల్లల తాతలు, నాయనమ్మలు. అందుకే ద్వితీయ, తృతీయ సంవత్సరం పిల్లలు ఆరుగురు దసరా, సంక్రాంతి సెలవుల్లో మర్రిగూడ, చండూరు, మునుగోడు మండలాల ఊళ్లకు వెళ్లారు. అప్పుడు నామినేషన్ వేసినవాళ్లను, పోలింగ్ డ్యూటీ చేసిన టీచర్లను, ఓటేసినవాళ్లను మొత్తం 27 మందిని కలిసి మాట్లాడించి రాసుకొచ్చారు. డిపాజిట్ 500 ఎలా పోగుచేశారు, ఎవరు ముందు నడిచారు, అంత పెద్ద బ్యాలెట్‌లో తమ గుర్తు ఎలా వెతుక్కున్నారు, ఇలాంటి ప్రశ్నలు.

ఈ పిల్లలు 2004 తర్వాత పుట్టినవాళ్లు. ఇంటి నల్లాలో కృష్ణా నీళ్లు చూస్తూ పెరిగినవాళ్లు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పుస్తకంలో చదవడం వేరు, ఆ నీళ్లే తాగి మంచానపడ్డ మనిషి పక్కన కూర్చుని వినడం వేరు. ఒక అమ్మాయి తిరిగొచ్చాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయింది.

ఫిబ్రవరి ముచ్చటలో దీనిమీదే వాదన నడిచింది. డిపాజిట్ పెంచకపోతే ఎన్నిక జరపడమే కష్టమని కొందరు, కైకిలు చేసుకునే మనిషికి పోటీ చేసే దారే మూసేశారని కొందరు. నా మట్టుకు నేను రెండో వైపే ఉన్నాను. అయితే ఎన్నికల డ్యూటీ చేసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఆ రోజు కౌంటింగ్ ఎలా సాగిందో చెప్పాక, మొదటి వైపు వాళ్ల మాట కూడా కొట్టిపారేసేది కాదని ఒప్పుకోవాల్సి వచ్చింది. రాసుకొచ్చినవన్నీ ఒక పుస్తకంగా వేయాలని ఉంది. ఇంకో పదిహేను ఇరవై మందినైనా కలవాలి. ఇరవై తొమ్మిదేళ్లు గడిచాయి, ఆ మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

పదాల పుస్తకం, గ్రామసభలు

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు సావరెనిటీ అన్నా సార్వభౌమాధికారం అన్నా ఒక్కటే, రెండూ కొత్తే. అందుకని 310 పదాలకు మన చుట్టూ ఉన్న ఉదాహరణతో అర్థం రాసి జిరాక్స్ పుస్తకం చేశాం. సమాఖ్య విధానం దగ్గర కృష్ణా జలాల వివాదం, ఆర్టికల్ 262, సాగర్ ఎడమ కాల్వ వచ్చాయి. వికేంద్రీకరణ దగ్గర 2018 పంచాయతీరాజ్ చట్టంతో గ్రామ పంచాయతీలైన తండాలు వచ్చాయి. మూడో సంవత్సరం పిల్లలే ఎక్కువ రాశారు, సార్ దిద్దారు.

జనవరి 21 నుంచి 24 వరకు రాష్ట్రమంతా గ్రామసభలు జరిగినప్పుడు, పిల్లలు ఎవరి ఊరి సభకు వాళ్లు వెళ్లి చూసింది రాసుకురావాలని చెప్పాం. 22 మంది రాశారు. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరిలోనే ముగిసింది కాబట్టి అన్నిచోట్లా ప్రత్యేకాధికారులే. సభలో ఆడవాళ్లు ఎంతమంది లేచి మాట్లాడారు అన్నది లెక్కపెట్టినవాళ్లు నలుగురే. వచ్చేసారి అందరితో అదే చేయించాలి.

ఫీజులు, చదువు ఆపేసినవాళ్లు

తొమ్మిది మందికి పరీక్ష ఫీజు కట్టాం. స్కాలర్‌షిప్ డబ్బు ఆలస్యమై సర్టిఫికెట్లు కాలేజీలో ఉండిపోయిన ముగ్గురి కోసం మాట్లాడాం, ఇద్దరివి వచ్చాయి. పోయిన బ్యాచ్ నుంచి నలుగురు పీజీలో చేరారు, ఇద్దరు లా చదువుతున్నారు.

గ్రూప్స్ గురించి ఒక మాట. నవంబరు, డిసెంబరులలో గ్రూప్–3, గ్రూప్–2 పరీక్షలు జరిగాయి. వాటిలో రాజ్యాంగం, తెలంగాణ ఉద్యమం పెద్ద భాగం. మన సబ్జెక్టుకు అది మంచిదే. కానీ రెండో సంవత్సరంలోనే క్లాసులు మానేసి హైదరాబాద్‌లో కోచింగ్‌కు వెళ్తున్న పిల్లలు పెరుగుతున్నారు. స్థానికులకే ఉద్యోగాలు ఇవ్వాలన్న ముల్కీ నిబంధనలు ఎప్పుడు వచ్చాయో బిట్లు బిట్లుగా తెలుస్తుంది, ఎందుకు వచ్చాయో తెలియదు. మూడేళ్లు పూర్తిచేసి వెళ్లమని తల్లిదండ్రులతో కూడా మాట్లాడుతున్నాం.

బాధతో రాయాల్సినది ఒకటి ఉంది. రెండో సంవత్సరంలో ఇద్దరు అమ్మాయిలు పెళ్లి అయ్యి చదువు ఆపేశారు. ఒకరి విషయం మనకు ముందే తెలిసింది. ఇంటికి వెళ్లి మాట్లాడాలని అనుకున్నాం, పరీక్షల పనిలో ఆలస్యం చేశాం. ఆ తప్పు కార్యదర్శిగా నాది. ఆ అమ్మాయి మిగిలిన సెమిస్టర్లు రాసేలా అత్తగారింటి వాళ్లతో మాట్లాడుతున్నాం.

మాదిరి శాసనసభ కార్యక్రమం ఈ ఏడాదీ జరగలేదు. పుస్తకాల బ్యాంకులో 14 పుస్తకాలు తిరిగి రాలేదు, వాటిలో ఎక్కువ తెలుగు అకాడమీవి. మీ ఇంట్లో ఉంటే దయచేసి పంపండి, ఎవరూ ఏమీ అనరు.

లెక్కలు

నిరుటి నిల్వ 8,240 రూపాయలు. సభ్యత్వం 62 మంది నుంచి 31,000. విరాళాలు 27,500. మొత్తం 66,740. ఖర్చు: పుస్తకాలకు 18,600, పరీక్ష ఫీజులకు 14,850, పదాల పుస్తకం జిరాక్స్, బైండింగ్‌కు 7,450, ఊళ్లకు వెళ్లిన బస్సు, ఆటో చార్జీలు 6,200, సమావేశాల చాయ్, బ్యానర్లు 3,900. మొత్తం 51,000. చేతిలో ఉన్నది 15,740. రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి.

సర్వసభ్య సమావేశం

జూన్ 15 ఆదివారం ఉదయం 10 గంటలకు కాలేజీలోనే. ముఖ్యమైన తీర్మానం సభ్యత్వ రుసుము మీద. పాత విద్యార్థులకు ఇప్పుడున్న 500ను 200 చేయాలని నా ప్రతిపాదన. ప్రైవేటు స్కూళ్లలో చెప్పుకుంటున్నవాళ్లకు, ఇంకా ఉద్యోగం రానివాళ్లకు 500 బరువే, అందుకే దూరంగా ఉంటున్నారు. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభలో సభ్యత్వాన్ని అణాకు తగ్గించాకే ఊరూరా జనం అందులో చేరారని మనమే పాఠంలో చెప్పుకుంటాం. డబ్బు తగ్గుతుందని కోశాధికారి వ్యతిరేకిస్తున్నారు, ఆయన లెక్క కూడా ఆ రోజు వినండి. కొత్త కార్యవర్గం ఎన్నిక కూడా అప్పుడే, చేతులెత్తి కాదు, రహస్య ఓటుతో.

1996లో నామినేషన్ వేసినవాళ్లు గానీ, ఆ పుస్తకమంత బ్యాలెట్ చేతపట్టుకున్నవాళ్లు గానీ మీ ఇళ్లలో ఉంటే ఆ రోజు వెంట తీసుకురండి. రాలేని పెద్దవాళ్లయితే ఊరు పేరు రాసివ్వండి, పిల్లలే వస్తారు.

ఇట్లు,
కార్యదర్శి
నల్లగొండ