పట్టభద్రుల ఓటరు జాబితా ప్రతిసారీ మొదటికి రావాలా?

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ చదివినవారు మాత్రమే ఓటేసి శాసనమండలి సభ్యుడిని ఎన్నుకునే వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల స్థానం ఎమ్మెల్సీ పదవీకాలం 2027 మార్చితో ముగుస్తుంది. ఆ ఎన్నికకు ఓటరు జాబితా తయారీ మొదలుకాకముందే అధికారుల దృష్టికి రావలసిన విషయం ఒకటి ఉన్నందున ఈ లేఖ రాస్తున్నాను. ఒకసారి చేతికొచ్చిన డిగ్రీకి గడువు తీరడమంటూ ఉండదు; ఆ డిగ్రీ మీద వచ్చిన ఓటు హక్కు మాత్రం ఎన్నిక ముగియగానే చెల్లిపోయి, మళ్లీ ఎన్నికకు మొదటి నుంచి సంపాదించుకోవలసి వస్తోంది.

శాసనసభ, లోక్‌సభ ఎన్నికల జాబితాలో ఒకసారి పేరు ఎక్కితే, దాన్ని తీసేయడానికి ఏదో ఒక కారణం చూపేదాకా మామూలుగా అది అలాగే కొనసాగుతుంది. పైగా 2022 ఆగస్టు నుంచి కొత్త ఓటర్ల కోసం జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు మొదటి తేదీలను ఏడాదికి నాలుగు అర్హత తేదీలుగా పెట్టారు. పట్టభద్రుల జాబితా సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఎన్నికల సంఘం ఆదేశాల ప్రకారం పాత జాబితాను పక్కన పెట్టి, ఎన్నిక జరిగే ముందటి నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండినవారందరి నుంచీ ఫారం 18 (పట్టభద్రుల ఓటరు నమోదు దరఖాస్తు) కొత్తగా తీసుకుంటారు. మన స్థానానికి 2021 మార్చిలో ఎన్నిక జరిగింది; అప్పుడు గెలిచిన ఎమ్మెల్సీ రాజీనామా వల్ల 2024 మేలో ఉప ఎన్నిక వచ్చింది; ఇప్పుడు 2027 రాబోతున్నది. అంటే ఇల్లు మారకుండా, ఊరు దాటకుండా ఉన్న మనిషి కూడా ఆరేళ్లలో మూడుసార్లు తాను పట్టభద్రుడినని రుజువు చేసుకోవాలి.

మా ఇంటి సంగతే చెబుతాను. నా భార్య కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి 1986లో బీఏ పట్టా తీసుకున్నారు. పట్టా మీద పుట్టింటి పేరు, ఓటరు కార్డు మీద అత్తింటి పేరు ఉన్నాయి. 2021లో ఆ తేడాకు వివరణ రాసిచ్చి, పట్టా జిరాక్స్ మీద గెజిటెడ్ అధికారి సంతకం పెట్టించి ఇస్తే పేరు జాబితాలోకి వచ్చింది. ఉప ఎన్నికకు దరఖాస్తు చేసినప్పుడు ఒక కార్యాలయంలో అదే పట్టాను, అదే కార్డును చూసి ఇంటిపేర్లు కలవడం లేదని తిప్పి పంపారు. మూడేళ్ల కిందటి జాబితాలో ఆమె పేరున్న పేజీ తీసి చూపిస్తే, అది పాత జాబితా, దీనికి పనికిరాదన్నారు. చివరకు ముసాయిదా జాబితా వచ్చాక అభ్యంతరాల గడువులో తిరిగితే గాని పని కాలేదు. ఆ గుమాస్తాను నేను తప్పుపట్టను; ఒకసారి పరిశీలించి ఒప్పుకున్నదాన్ని మళ్లీ పరిశీలించమని ఆయనకు చెప్పిన పద్ధతిలోనే లోపం ఉంది.

ఇలా తిరగలేనివారు ఎందరున్నారో లెక్కలే చెబుతున్నాయి. 2021లో ఈ స్థానంలో ఓటర్లు ఐదు లక్షలకు పైగా ఉండగా, 2024 నాటికి 4.63 లక్షలకు తగ్గారు. ఆ మూడేళ్లలో ఉమ్మడి వరంగల్, ఖమ్మం, నల్లగొండ జిల్లాల్లో డిగ్రీ పూర్తి చేసినవారు పెరిగారే గాని తగ్గలేదు కదా. దరఖాస్తుల కాలం కూడా కలిసిరాదు. మామూలు ఎన్నికకు దరఖాస్తులు అక్టోబరు మొదట్లో మొదలై నవంబరు మొదటి వారంతో ముగుస్తాయి. మన దగ్గర అది బతుకమ్మ, దసరా, దీపావళి వచ్చే కాలం. సెలవులు పోగా కార్యాలయం తెరిచి ఉండే రోజులు ఎన్ని మిగులుతాయో చెప్పనక్కరలేదు.

చనిపోయినవారి పేర్లు, ఉద్యోగాలకు హైదరాబాద్, బెంగళూరు వెళ్లి స్థిరపడినవారి పేర్లు పాత జాబితాలో పేరుకుపోతాయన్న వాదనలో నిజముంది. కానీ మార్పుకు లోనయ్యేది నివాసమే గాని చదువు కాదు. డిగ్రీ పరిశీలన ఒక్కసారితో ముగించి, దాన్ని ఓటరు గుర్తింపు కార్డు సంఖ్యతో ముడిపెడితే, సాధారణ జాబితాలో పేరు పోయినా, ఊరు మారినా పట్టభద్రుల జాబితాలోనూ ఆ మార్పు దానంతటదే జరుగుతుంది. ఇందుకు నిబంధనలు సవరించవలసి వస్తే సవరించాలి. అంతవరకు కనీసం గత జాబితాలోని క్రమసంఖ్య రాసినవారిని మళ్లీ పట్టా అడగకుండా, నివాసం మాత్రమే చూసి చేర్చుకోవచ్చు.

ఇన్ని అవస్థలు పడి తెచ్చుకున్న ఓటు పెట్టెలో పడ్డాక కూడా వృథా అవుతుండడం మరో బాధ. 2021లోనూ, 2024లోనూ ఈ స్థానంలో చెల్లని ఓట్లు ఇరవై వేలు దాటాయి. వేసినవారంతా డిగ్రీ చదివినవారే. 2021లో నేను ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. 71 మంది అభ్యర్థుల పేర్లున్న ఆ బ్యాలెట్ పత్రాన్ని మడిచి పెట్టెలో వేయడమే ఒక పని. ఒక నడివయసు ఉపాధ్యాయుడు పెట్టెలో వేసి వచ్చి, ‘సార్, నచ్చినాయన పేరు పక్కన టిక్కు పెట్టిన, సరిపోతది కదా?’ అని అడిగారు. ఏం చెప్పను? టిక్కు పెడితే చెల్లదు. అభ్యర్థి మన ఇష్టంలో ఎన్నో వరుసలో ఉన్నారో (ప్రాధాన్యం) చూపే అంకె వేయాలి, అదీ మేమిచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే వేయాలి. ఒకటి అంకె తప్పనిసరి, మిగతా ప్రాధాన్యాలు ఓటరు ఇష్టం. రోమన్ అంకె వేసినా, తెలుగు అంకె ౧ వేసినా చెల్లుతుంది గాని, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. మీట నొక్కడానికి అలవాటుపడినవారికి ఈ తేడాలు గది బయట గోడకు అంటించిన చిన్న అక్షరాల కాగితంతో తెలియవు. వరుసలో నిలబడినవారు చూసేలా, చెల్లిన ఓటును, చెల్లని ఓటును పక్కపక్కన చూపే పెద్ద నమూనా బ్యాలెట్‌ను ప్రతి పోలింగ్ కేంద్రం ముందూ పెట్టాలి. ఓటరు చీటీ వెనుక ఖాళీగా ఉండే వైపున ఇదే బొమ్మ అచ్చువేస్తే, కేంద్రానికి బయలుదేరకముందే ఇంట్లో చూసుకుంటారు.

ఫారం 18 కోరే నోటీసు 2026 అక్టోబరులోనే వెలువడవచ్చు గనుక, పాత జాబితా వివరాలను పరిగణనలోకి తీసుకునే విషయమై రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి ఆలోపే జిల్లాలకు స్పష్టమైన ఆదేశాలు పంపాలని కోరుతున్నాను.

– విశ్రాంత జూనియర్ కళాశాల అధ్యాపకుడు, హనుమకొండ