మజిల్ బ్రేక్ కొనేటప్పుడు పర్సంటేజీ కాదు, లోపలి స్టీలు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో అమెరికాలో మన కుర్రోళ్ళు లైసెన్సు తీసుకుని జింకల వేటకి వెళ్తున్నారని వేశారు కదండీ, అందులో రైఫిల్ భుజాన్ని తన్నకుండా గొట్టం చివర మజిల్ బ్రేక్ అనే ముక్క పెట్టిస్తే సరిపోద్దని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది చదివాక ఉండబట్టక రాస్తన్నాను. నేను ఆర్మీలో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను, తుపాకులు విప్పి బాగుచెయ్యడమే నా ఉద్యోగం. మా నరసన్నపేట వైపు నుంచి టెక్సాస్ వెళ్ళిన పిల్లలు వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి మావయ్యా ఇది కొనమంటావా అని అడుగుతుంటారు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం, కాబట్టి ఇది అక్కడ చట్టప్రకారం వేటాడేవాళ్ళ కోసమే.

కార్గిల్ టైములో టీవీల్లో చూసిన బోఫోర్స్ ఫిరంగి గొట్టం చివర లావుగా ఉండేది మజిల్ బ్రేకే. బుల్లెట్ వెనకాల వచ్చే గ్యాస్ లోపలి అడ్డగోడలకి, అంటే బాఫిల్స్‌కి కొట్టుకుని పక్కలకి పోతుంది, ఆ తోపుకి తుపాకీ కొంచెం ముందుకి లాగబడి వెనక్కి తన్నడం తగ్గుతుంది. అయితే ఆ గ్యాస్‌తో పాటు సగం కాలిన మందు రవ్వలు కూడా వచ్చి మొదటి బాఫిల్‌ని ఇసకతో రుద్దినట్టు రుద్దేస్తాయి. బాగా వాడిన బ్రేక్ విప్పి టార్చి వేసి చూడండి, మొదటి గోడ అంచు గుండ్రంగా అరిగిపోయి గుంటలు గుంటలుగా కనబడుద్ది, చివరి గోడ మాత్రం కొత్తదానిలా ఉంటాది. ఎక్కువ మందు పట్టే మాగ్నమ్ తూటా అయినా, బ్యారెల్ పొట్టిదైనా ఈ అరుగుడు ఇంకా ఎక్కువ.

అందుకే మెటల్ ముందు అడగాలి. అల్యూమినియంది .22 అనే చిన్న తూటా రైఫిల్‌కి తప్ప దేనికీ పనికిరాదు, .22 కి పెద్దగా తన్నుడే లేదు. టైటానియం తేలికే గానీ ఆ వేడి రవ్వలకి తెల్లగా నిప్పులు కక్కుతూ అరుగుద్ది, కొండలెక్కి తిరిగేవాడికి బరువు తగ్గడం ముఖ్యమైతే సరే, ఏళ్ళ తరబడి మన్నాలంటే నా ఓటు హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరిచిన 17-4 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకే, లేదంటే నైట్రైడ్ చేసిన, అంటే పైపొర గట్టిపరిచిన క్రోమోలీ స్టీలు. తన్నుడు ఇంత శాతం తగ్గిస్తాం అని డబ్బా మీద పెద్దక్షరాలతో రాసి మెటల్ పేరు ఎక్కడా రాయని కంపెనీది నేనైతే ముట్టను.

తర్వాత ఫిటింగు. అక్కడ .30 క్యాలిబర్ (తూటా సైజు) రైఫిల్‌కి మామూలుగా 5/8-24 థ్రెడ్, అంటే మర సైజు, .223 కి 1/2-28 ఉంటాది, బ్రేక్ వచ్చి బ్యారెల్ చివర మర వెనకాల ఉండే మెట్టు మీద సమంగా కూర్చోవాలి, బుల్లెట్ పోయే రంధ్రం బుల్లెట్ కంటే అర మిల్లీమీటరు దాకా పెద్దగా ఉండాలి. బయటికొచ్చే రంధ్రానికి ఒక పక్కనే రాగి గీత కనబడిందంటే బుల్లెట్ గీసుకుంటోందన్నమాట, వెంటనే కాల్చడం ఆపేసి గన్‌స్మిత్‌కి చూపించాలి. బ్రేక్ బిగించేటప్పుడు వెనకాల వేసే నలిగే రింగుని క్రష్ వాషర్ అంటారు, అది ఒకసారి నొక్కాక మళ్ళీ వాడకూడదు. బ్రేక్ తీసి వేటకి వెళ్తే గురి మారిపోద్ది, మళ్ళీ జీరో చేసుకోవాల్సిందే, అంటే గురి సరిచూసుకోవాల్సిందే.

మీ ఐటమ్‌లో లేనిదీ నాకు బాగా బాధేసిందీ చెవుల సంగతి. బ్రేక్ శబ్దాన్ని పక్కలకీ వెనక్కీ తోస్తుంది, 140 డెసిబెల్స్ దాటితే ఒక్క దెబ్బకే చెవి పాడవ్వొచ్చు, బ్రేక్ పెట్టిన పెద్ద రైఫిల్ 160 కూడా దాటుద్ది. కాల్చినోడికే కాదు పక్కన కూర్చున్న తమ్ముడికీ అంతే. నాతో పనిచేసినోళ్ళలో ఇప్పుడు పెళ్ళాం పిలిచినా వినబడనోళ్ళున్నారు. చెవి లోపల ప్లగ్గు, పైన చెవి మూసే మఫ్ రెండూ పెట్టాలి. జింకకి .308 తూటా గానీ 6.5 క్రీడ్‌మోర్ తూటా గానీ చాలు, తుపాకీ మడమకి మంచి రబ్బరు రీకాయిల్ ప్యాడ్ వేసుకుంటే చాలామందికి బ్రేకే అక్కర్లేదు.

వచ్చే ఆదివారం ఈ చెవుల ముక్కైనా నాలుగు లైన్లు వెయ్యండి సార్.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా