యంత్రం బాగుంది, సరిచూసిన నూనె ఏది?

సంపాదకులు గారికి,

వంటనూనెల్లో ఫంగస్ విషాల పరీక్షల గురించి మీరు పోయినవారం వేసిన వార్త చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను. ఎవరో ఒకరు అడగకపోతారా అని ఆగాను. ఎవరూ అడగలేదు. వార్త పాతబడిపోయిందని మీరు ఈ ఉత్తరాన్ని పక్కన పడేయకుంటే చాలు.

కొత్త యంత్రానికి రిబ్బన్ కత్తిరించారు. ఫొటో దిగారు. తీసిన శాంపిళ్లన్నీ సురక్షితమని ప్రకటించేశారు. ఆ యంత్రం ఎంత వేగంగా పనిచేస్తుందో, ఎన్ని రకాల విషాలను ఒకేసారి పడుతుందో మీ విలేకరి చక్కగా రాశారు. కానీ అసలు అడగాల్సింది అడగలేదు. ఆ యంత్రం చెప్పే అంకె సరైనదేనని ఏ నూనెతో సరిచూశారు? విషం ఎంత ఉందో ముందే కచ్చితంగా తేల్చి, సర్టిఫికెట్‌తో ఇచ్చే నూనె ఒకటి ఉంటుంది. సర్టిఫైడ్ రిఫరెన్స్ మెటీరియల్ అంటారు. లేబొరేటరీల్లో పనిచేసేవాళ్లు సీఆర్‌ఎం అంటారు. అది కొన్నారా? దాని మీద యంత్రం ఎంత చూపించింది? ఈ సంగతి వార్తలో లేదు. అధికారుల ప్రకటనలో అసలే లేదు.

నేను ఉద్యోగమంతా నూనెల పరీక్షల్లోనే గడిపాను కాబట్టి నా గోల ఇది అనుకోవచ్చు. అయినా చెబుతాను. యంత్రం నూనెను నేరుగా చదవదు. ముందు నూనెలోంచి విషాన్ని ద్రావకంలోకి లాగాలి, కొవ్వును వదిలించాలి, మిగిలిన దాన్ని యంత్రానికి ఎక్కించాలి. పోవాల్సిందంతా ఈ దారిలోనే పోతుంది. లాగేటప్పుడు సగం నూనెలోనే ఉండిపోయిందనుకోండి, యంత్రం ఎంత ఖరీదైనదైనా ఆ సగాన్ని చూడలేదు. పైగా అణువులను వాటి బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి కాస్త కొవ్వు వెళ్లిందంటే సిగ్నల్ అణిగిపోతుంది, ఉన్నది కూడా తక్కువగా కనబడుతుంది. అసిటోనైట్రైల్ అనే ద్రావకంలో తెలిసినంత విషం కరిగించిన స్వచ్ఛమైన స్టాండర్డ్‌తో యంత్రాన్ని సరిచేశామని చెబుతారు. సరే, యంత్రం సరైంది. మరి లాగిన పని సరైందని ఎవరు చెప్పాలి?

దానికో జవాబు ఉంది, రికవరీ చూశాం అంటారు. శుభ్రమైన నూనెలో తామే కొంత విషం కలిపి, తామే తీసి, తొంభై శాతం వచ్చిందని రాసుకుంటారు. తన ప్రశ్నపత్రం తానే రాసుకుని, తానే దిద్దుకుని, తొంభై మార్కులు వేసుకున్నట్టే ఇది. పనికిరాదని అనను, రోజువారీ పనికి అది కావలసిందే. కానీ బయటివాళ్లు తయారుచేసి, విలువ కట్టి, మూత వేసి పంపిన సీసా ముందు కూర్చున్నప్పుడే మన సంగతి తెలుస్తుంది.

ఆ సీసా తయారవడం ఏమంత తేలిక కాదు. నూనెను చాలాసేపు కలిపి, చిన్న గాజు ఆంప్యూల్స్‌లో నింపి, మొదట్లో నింపినదాన్నీ చివర్లో నింపినదాన్నీ తీసి రెండింట్లో ఒకే విలువ ఉందో లేదో చూస్తారు. కొన్నింటిని చల్లగా, కొన్నింటిని వేడిగా నెలల తరబడి ఉంచి విలువ మారలేదని రుజువు చేస్తారు. ఆ తర్వాతే సర్టిఫికెట్ మీద అంకె, దాని పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంతో వేస్తారు. ఇలాంటివి తయారుచేసేవాళ్లకు ఐఎస్ఓ 17034 అని ప్రమాణమే ఉంది. వేరుశనగ పిండికి, పల్లీ వెన్నకు, పాలపొడికి అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం రిఫరెన్స్ మెటీరియల్స్ చాలాకాలం కిందటే వచ్చాయి. నూనెలకే అరుదు. జర్మనీ ప్రభుత్వ పదార్థ పరిశోధన సంస్థ బామ్ మొక్కజొన్న మొలక నూనెలో మరో బూజు విషమైన జియరలెనోన్‌కు ఒకటి తయారుచేసింది. పిండి కోసం తెచ్చిన సీసాతో నూనె పరీక్షను సరిచూశామంటే అది లెక్కలోకి రాదు. పిండి వేరు, నూనె వేరు.

విషాలూ అన్నీ ఒక్కలాంటివి కావు. మొక్కజొన్నలో ఫ్యుజేరియం బూజు నుంచి డీఆక్సినివలెనాల్, జియరలెనోన్ రెండూ వస్తాయి. మొదటిది నీటిలో కరిగే రకం, నూనెలోకి పెద్దగా రాదు. రెండోది కొవ్వులో కరుగుతుంది, మొలకను పిండితే నూనెతోపాటే వచ్చేస్తుంది. ఆడ హార్మోన్‌లా పనిచేసే పదార్థం అది, పందుల్లో దాని ప్రభావం ఎప్పుడో బయటపడింది. అందుకే యూరోపియన్ యూనియన్ శుద్ధిచేసిన మొక్కజొన్న నూనెలో కిలోకు 400 మైక్రోగ్రాములు దాటకూడదని హద్దు పెట్టింది. వేరుశనగను పిండినప్పుడు అఫ్లాటాక్సిన్‌లో ఎక్కువ భాగం నూనె తీయగా మిగిలిన చెక్కలో ఉండిపోతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చింది ఆ చెక్క కలిపిన మేత తినే. నూనెలోకి వచ్చిన భాగం క్షారంతో, మట్టితో శుద్ధి చేస్తే చాలావరకు పోతుంది. శుద్ధి చేయకుండా అమ్మే నూనెలో ఉండిపోతుంది. చైనా వేరుశనగ నూనెలో అఫ్లాటాక్సిన్ బి1కు కిలోకు 20 మైక్రోగ్రాములని హద్దు పెట్టింది. కిలో నూనెలో గ్రాములో యాభైవేలో వంతు లెక్క ఇది. ఇంత సన్నటి కొలతలో సరిచూసుకోకుండా ధీమాగా మాట్లాడేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

మీరు వేసిన ఫొటోను ఇంకోసారి చూడండి. శాంపిళ్లు తెల్ల గాజు సీసాల్లో, కిటికీ పక్కన, ఎండ పడేచోట వరుసగా పెట్టారు. నూనె రంగు ఫొటోలో బంగారంలా మెరిసింది. జియరలెనోన్‌కు వెలుతురు తగిలితే దాని ట్రాన్స్ రూపంలో కొంత, అవే అణువుల ఆకారం మాత్రం మారిన సిస్ రూపంలోకి మారిపోతుంది. మామూలు పద్ధతుల్లో వెతికేది ట్రాన్స్ రూపాన్నే. విషం ఎక్కడికీ పోలేదు, కొలతకు మాత్రం అందలేదు. మా రోజుల్లో ఈ శాంపిళ్లకు గోధుమరంగు సీసా లేకపోతే వెండి కాగితం చుట్టేవాళ్లం, చుట్టనివాడికి ఆ రోజు సీనియర్ చేతిలో అక్షింతలే. ఇప్పుడు సీనియర్లు ఫొటోలో నిలబడుతున్నారు.

రిపోర్టుల సంగతి మరీ అన్యాయం. ఆమధ్య ఒకే డబ్బాలోని నూనెను రెండు లేబొరేటరీలకు పంపించాను. ఒకరు అంకె ఇచ్చారు, ఇంకొకరు ‘బీడీఎల్’ అని మూడక్షరాలు కొట్టి పంపారు. అంటే తమ యంత్రం పట్టగల కనీస మోతాదు (డిటెక్షన్ లిమిట్) కంటే తక్కువని. ఆ లిమిట్ ఎంతో రిపోర్టులో లేదు. ఫోన్ చేసి అడిగితే “సార్, మెషిన్ అదే చూపించింది” అన్నారు. రికవరీ గడి ఖాళీ. అనిశ్చితి గడి అసలు లేనే లేదు. హద్దు 400 ఉన్నచోట 390 వస్తే, దాని పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంతో తెలియకుండా పాసో ఫెయిలో ఎలా రాస్తారు? సంతకం, గుండ్రటి ముద్ర, క్యూఆర్ కోడ్ మాత్రం ఉన్నాయి. గుమ్మం దగ్గర పరీక్షల లేబొరేటరీల ప్రమాణం ఐఎస్ఓ 17025 బోర్డు కూడా ఉందట. ఫలితాలు నమ్మదగినవని ఎప్పటికప్పుడు చూపించుకోవాలని చెప్పేది ఆ ప్రమాణమే. దాన్ని ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలిస్తే బాధ్యత తీరిపోయిందని ఎవరు చెప్పారో మరి.

ఇదంతా సాంకేతిక విషయం, జనానికెందుకు అని పైవాళ్లు అంటారు. సురక్షితం అని జనానికే కదా చెప్పింది! చెప్పేటప్పుడు లేని సాంకేతికత, అడిగేటప్పుడు ఎక్కడినుంచి వచ్చింది? యంత్రానికి నిధులు దొరుకుతాయి, ఎందుకంటే యంత్రాన్ని ప్రారంభించవచ్చు. చిన్న గోధుమరంగు ఆంప్యూల్‌ను ఎవరు ప్రారంభిస్తారు? అది ఫ్రీజర్‌లో పడి ఉంటుంది, ఒకసారి తెరిచాక అయిపోతుంది, మళ్లీ కొనాలంటే మళ్లీ ఫైలు నడపాలి. ఆ ఫైలు ఎక్కడ ఆగుతుందో పనిచేసేవాళ్లందరికీ తెలుసు.

మీ విలేకరికి నా విన్నపం. ఈసారి వెళ్లినప్పుడు రిఫరెన్స్ నూనె ఎవరిది, సర్టిఫికెట్ మీద విలువెంత, వీళ్లకు ఎంత వచ్చింది, డిటెక్షన్ లిమిట్ ఎంత అని అడగండి. జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. ఆ కాగితం ఉంటే మీ వార్త నేనే పదిమందికి చదివి వినిపిస్తాను.

ఇంకొకటి అధికారులకు. బూజు విషం ఎక్కువైందని పట్టుకున్న నూనెను మొత్తం ధ్వంసం చేశామని గొప్పగా చెప్పుకుంటున్నారు. సర్టిఫైడ్ నూనె కొనడానికి డబ్బుల్లేవని మొరపెట్టుకునేదీ మీ శాఖే. ఆ నూనెలో ఒక డ్రమ్ము సీలువేసి ఏదైనా పెద్ద ప్రభుత్వ లేబొరేటరీకి అప్పజెప్పండి. కలిపి, చీకటి సీసాల్లో నింపి, సమంగా ఉందో చూసి, నాలుగైదు లేబొరేటరీల చేత విలువ కట్టించవచ్చు. సర్టిఫికెట్ స్థాయికి రాకపోవచ్చు, రోజువారీ సరిచూసుకోవడానికి పనికొస్తుంది. పైగా అది కృత్రిమంగా కలిపింది కాదు, నిజంగా బూజు పట్టిన గింజల్లోంచి వచ్చింది. తర్వాతి సరుకు పట్టుబడినప్పుడు తగలబెట్టేముందు ఆ ఒక్క డ్రమ్మూ పక్కన పెట్టించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నూనెల విశ్లేషకుడు