బండి సంగతి నాన్నకి

కూమా, న్యూ సౌత్ వేల్స్, ఆస్ట్రేలియా,
జూన్, ఆదివారం సాయంత్రం

అమ్మకీ నాన్నకీ నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. నానమ్మ, తమ్ముడు, మీరిద్దరూ క్షేమమని తలుస్తాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరమెందుకని అమ్మ అంటుందని తెలుసు. కానీ నేను కొన్న పాత బండి మాట ఎత్తితే చాలు, అమ్మ ఏడుపు మొదలుపెడుతోంది. నాన్నా, నువ్వేమో పక్కనే కూర్చుని ఒక్క ముక్క మాట్లాడవు. నేను చెప్పాలనుకున్నది అలాగే మిగిలిపోతోంది. అందుకే రాస్తున్నాను. నువ్వే అమ్మకి చదివి వినిపించు. ఇంజను, గేర్ల దగ్గర లేచిపోతే పోనీ, తర్వాత మళ్ళీ పిలువు, అమ్మకి చెప్పాల్సినవీ ఇందులో ఉన్నాయి.

డ్యూటీ మామూలే. నైట్ షిఫ్టులు ఎక్కువ. వార్డులో అందరూ పెద్దవాళ్ళే, మంచివాళ్ళే.

పోయిన వారం బండి కాగితాలు నా పేరు మీదికి మారాయి. తమ్ముడు ఫొటో చూపించగానే "ఇది మన జీపే కదరా" అన్నావట. నిజంగా అంతే నాన్నా. టయోటా వాళ్ళు 1951లో మొదటిసారి ఇలాంటి బండి చేసినప్పుడు దాని పేరే టయోటా జీప్. జీప్ అన్న పేరు విల్లీస్ వాళ్ళది కాబట్టి 1954లో లాండ్ క్రూజర్ అని మార్చుకున్నారు. నాది 1977 మోడల్, ఎఫ్‌జె 40. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, 4.2 లీటర్లు. నువ్వు మన జోలాపుట్ డ్యామ్ రోడ్డు మీద నడిపిన జీపు ఇంజనుకి దాదాపు రెట్టింపు. ముందూ వెనకా స్ప్రింగులు కమాన్ కట్టలే. లో గేరు, హై గేరు అన్నీ నీకు తెలిసినవే. ఇక్కడా స్టీరింగు కుడివైపే, రోడ్డుకి ఎడమవైపే నడపాలి. నువ్వొచ్చి కూర్చుంటే నీకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

అమ్మినాయన గొర్రెల రైతు. ఎనభై దాటాయి, క్లచ్ తొక్కలేకపోతున్నాడు. కొడుకులకి అక్కర్లేదట. ఎవరు కొంటారో చూసుకుని మరీ అమ్మాడు. "దీన్ని ముక్కలు చేసి అమ్ముకోవుగా" అని అడిగాడు. నువ్వు జీపు నడిపేవాడివని, మా తాత డ్యామ్ పనికి వచ్చినవాడని చెప్పాను. ఆ తర్వాత ధర గురించి పెద్దగా మాట్లాడలేదు ఆయన.

అయితే ఇది కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టు ఉన్న బండి కాదు. ఆయన చాలా మార్చాడు. నాలుగు గేర్ల పెట్టె తీసేసి, తర్వాతి రోజుల లాండ్ క్రూజర్ల ఐదు గేర్ల పెట్టె వేశాడు. 60 సిరీస్ లాండ్ క్రూజర్‌లోంచి పవర్ స్టీరింగు తెచ్చి బిగించాడు. ముందు చక్రాలకి డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టాడు. కమాన్లు మార్చి ఎత్తు పెంచాడు, 33 అంగుళాల టైర్లు వేశాడు. ముందు బుల్ బార్, దానికి బురదలో దిగబడితే తాడుతో లాగే వించి, లోపల రోల్ బార్, గాలి పైనుంచి పీల్చుకునే గొట్టం. ఈ రాష్ట్రంలో ఇలాంటి పెద్ద మార్పులకి లైసెన్సు ఉన్న ఇంజనీరు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. అవి ఉన్నాయా లేవా అన్నది చూశాకే బయానా ఇచ్చాను. ఇన్సూరెన్సు వాళ్ళకి కూడా ప్రతి మార్పూ రాసి ఇచ్చాను. ఒక్కటి దాచినా రేపు క్లెయిము ఇవ్వరు.

పాత బండికి కంపెనీ పుస్తకం ఒకటి ఉంటుంది కదా. దీనికి ఆ పుస్తకం సగమే పనికొస్తుంది. షాపుకెళ్ళి 77 మోడల్‌కి బ్రేక్ ప్యాడ్లు కావాలంటే, దానికి ప్యాడ్లెక్కడివి, డ్రమ్ములు కదా అంటారు. ప్యాడ్లు ఏ బండివో, గేరుబాక్సు సీళ్ళు ఏ బండివో, స్టీరింగు పైపు ఏ కొలతో నాకు తెలిసుండాలి. ఆయన ఒక నోటుపుస్తకం ఇచ్చాడు. పెన్సిలుతో, తేదీలు వేసి, ఏ సామాను ఏ బండిలోంచి తీశాడో రాశాడు. బండికన్నా ఆ పుస్తకమే విలువైందని నాకనిపిస్తుంది. కానీ కొన్ని అందులో లేవు. వాటిని నేనే కనిపెట్టి రాసుకుంటున్నాను.

అమ్మా, నీ మోకాలికి బెల్టు పంపాను, అందిందా? మెట్లెక్కడం తగ్గించమని చెప్పాను. సంత గుమ్మంలోకే వస్తుంటే నువ్వు గురువారం గురువారం కూరలకి చివరి దాకా ఎందుకు నడుస్తున్నావో నాకర్థం కాదు. కొండ మీది బోండా తెగవాళ్ళు తెచ్చే కందమూలాలు నీకిష్టమని తెలుసు, తమ్ముణ్ణి పంపు.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. ఇంటికి పంపేది తగ్గదు. వంటింటి రేకులు మార్చడానికి అనుకున్నది అలాగే ఉంది, వాన పెరగకముందే మేస్త్రీని పిలవండి. బండి డబ్బు నేను ఓవర్ టైము చేసి విడిగా దాచుకున్నది. ఆ డబ్బుతో గొలుసు చేయించుకోవాల్సిందని అత్త అందట. గొలుసు వేసుకుని నేనెక్కడికి వెళ్తానమ్మా ఇక్కడ? ఊరికి దూరంగా ఉండే పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళాలంటే మట్టి రోడ్లు. నా చిన్న కారు అడుగు తగిలి సైలెన్సరు ఊడిపోయిన సంగతి మీకు తెలిసిందే. ఈ బండి పెట్రోలు బాగా తాగుతుంది, లీటరుకి ఐదు కిలోమీటర్లంటే గొప్ప. అందుకే రోజూ ఆస్పత్రికి తీసుకెళ్ళను, నడిచే వెళ్తాను.

ముప్పై ఏళ్ళు దాటిన బండికి ఇక్కడ తక్కువ ఖర్చుతో వేరే రిజిస్ట్రేషను ఉంది. మార్పులు చేసిన వాటికీ ఇస్తారు. కానీ క్లబ్బులో చేరాలి, ఏడాదికి 60 రోజులే లాగ్‌బుక్కులో రాసి నడపాలి. నాకది కుదరదు. మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకున్నాను. ఏటా చెకింగ్ చేయించి పింక్ స్లిప్ తెచ్చుకోవాలి. మంచిదే, బయటివాడి కన్ను ఒకటి పడుతుంది.

ఇప్పుడు నాన్నా, నీకోసం.

తెచ్చాక మొదటి పనిగా అన్ని ఆయిళ్ళూ దింపాను. నువ్వు చెప్పేవాడివే, "కొత్తగా చేతికొచ్చిన బండి ఆయిల్ చూస్తే పాత ఓనరు తెలుస్తాడు" అని. ఇంజను ఆయిలు శుభ్రం. గేరుబాక్సు బాగుంది. వెనక ఇరుసు మధ్య ఉండే గేర్ల డబ్బా, ఆ డిఫరెన్షియల్లోంచి మాత్రం పాలు పోసిన టీలాగా వచ్చింది. ఎప్పుడో ఏరు దాటినప్పుడు నీళ్ళు వెళ్ళాయి. దానికి గాలి ఆడే బ్రీదరు మట్టితో పూడుకుపోయి ఉంది. దానికి పొడుగు గొట్టం వేసి పైకి తెచ్చాను. రెండోసారి కూడా ఆయిలు మార్చాను, ఇప్పుడు స్వచ్ఛంగా వస్తోంది. క్రౌన్ పళ్ళు చూపించాను, దెబ్బ లేదన్నారు.

ముందు కుడి చక్రం లోపలి సీలు పోయింది. చక్రం పక్కకి తిరిగే కీలు, ఆ నకిల్లో గ్రీజు పల్చబడి కారుతోంది, డిఫరెన్షియల్ ఆయిలు అందులో కలిసింది. సీళ్ళు, బేరింగులు రెండు వైపులా మార్పించాను. ఒక వైపు పోయిందంటే రెండోది దారిలోనే ఉంటుందని నీ మాటే.

టైర్ల గుండీలు, అదే నేలని పట్టుకునే గట్లు, కొత్తవాటిలా ఉన్నాయి. కానీ పక్కన ముద్ర చూస్తే 2311 అని ఉంది, అంటే 2011లో 23వ వారం తయారీ. గుండీ ఎంతున్నా రబ్బరు ముసలిదైపోయింది. ఐదూ మార్చాను, స్టెప్నీతో సహా. అమ్మా, ఎక్కువ ఖర్చయింది దీనికే. దీనికి మాత్రం నువ్వు నన్ను ఏమీ అనకూడదు.

పెద్ద టైర్ల వల్ల స్పీడు మీటరు తక్కువ చూపిస్తుంది. అసలు ఎంత పోతున్నానో ఫోను జీపీఎస్‌తో పోల్చి, తేడా రాసి డాష్‌బోర్డు మీద అంటించాను. కమాన్లు ఎత్తు పెంచినప్పుడు బ్రేకు గొట్టాలు కూడా పొడుగువి వేశాడా లేదా అన్నది నా భయం. జాకీ పెట్టి చక్రాలు పూర్తిగా వేలాడనిచ్చి చూశాను, బిగుసుకోవడం లేదు. వైరింగు మాత్రం నాకు నచ్చలేదు. వించికీ, అదనపు లైట్లకీ ఎవరో ఎక్కడపడితే అక్కడ అతికారు, ఫ్యూజులు లేవు. పెట్రోలు బండిలో అది చూస్తూ ఊరుకోలేను. అక్కర్లేని తీగలన్నీ పీకించి, ప్రతి దానికీ ఫ్యూజు పెట్టించాను. సీటు పక్కన మంటలార్పే సిలిండరు కూడా ఉంది. వెనక పక్కసీట్లలో ఎవర్నీ కూర్చోపెట్టను. అవి సామానుకే.

అమ్మ మంచు గురించి అడిగింది. జూన్ నుంచి అక్టోబరు దాకా కొండ మీది నేషనల్ పార్కు రోడ్లలో మామూలు కార్లు చక్రాలకి గొలుసులు తీసుకెళ్ళాలని రూలు. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ బండికి ఆ రూలు లేదు. అయినా నేను కొన్నాను. ఫోర్ వీల్ ముందుకి లాగుతుంది గానీ ఆపదు, అది నాకు తెలుసు. రేడియేటరులో సగం నీళ్ళు, సగం గడ్డకట్టకుండా ఉంచే మందు. మన దగ్గర దీని అవసరమే రాదు, ఇక్కడ రాత్రి సున్నా కిందికి పోతుంది. పొద్దుగూకాక కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి, అందుకని సాయంత్రం ప్రయాణాలు పెట్టుకోను. ఎక్కడికెళ్ళినా దారి, తిరిగొచ్చే టైము కింద ఇంటామెకి చెప్పి వెళ్తాను. సుంకి ఘాటీలో పొగమంచులో, వానలో నాన్న మన అందర్నీ ఎక్కించుకుని సాలూరు దాకా దిగిన రోజులు నీకు గుర్తులేవా అమ్మా? అప్పుడు నువ్వు నిద్రపోయేదానివి.

ఈ ఊరు ఎందుకు నచ్చిందో ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కొండనీళ్ళతో కరెంటు తీసే స్నోయీ ప్రాజెక్టు ఆఫీసు ఈ ఊళ్ళోనే. దాన్ని కట్టే పని 1949లో మొదలై 1974 దాకా సాగింది. పదహారు డ్యాములు, కొండల్లో సొరంగాలు. ముప్పైకి పైగా దేశాల నుంచి లక్ష మంది పైచిలుకు వచ్చి పనిచేశారు. వందమందికి పైగా ప్రాణాలు పోయాయి, వాళ్ళకో స్మారకం ఉంది. పార్కులో ఆ దేశాల జెండాలు వరసగా ఎగురుతుంటాయి. సరిగ్గా అదే రోజుల్లో కదా తాత బొబ్బిలి వైపు నుంచి నడుచుకుంటూ మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు పనికి వచ్చింది, 1955లో కరెంటు వచ్చేదాకా రాళ్ళు మోసింది. ఇక్కడ థీస్ అనే కాంట్రాక్టరు ఆ కొండపనికి 1950ల చివర జపాను నుంచి లాండ్ క్రూజర్లు తెప్పించాడు. ఈ దేశానికి ఈ బండి అలా అలవాటైంది. నా వార్డులో ఒక పోలండు తాతకి బండి ఫొటో చూపిస్తే, సొరంగం పనికి తీసుకెళ్ళిన బండి ఇలాంటిదేనని చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. మన తాతని అలాంటి మాటలు అడిగి వినే వయసు నాకప్పుడు లేదు. నాన్నా, తాత చెప్పినవి నీకేమైనా గుర్తుంటే తమ్ముడి చేత రాయించు. పవర్ హౌసుకి కొండ దిగే ట్రాలీ, ఆ వించిలో మొదటిసారి దిగినప్పటి కథ ముఖ్యంగా.

ఇంకో మాట. నువ్వు నడిపిన జీపుని వేలం వేసిన రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు నువ్వు. తాళంచెవి ఇచ్చేశానని మాత్రం అన్నావు. దాన్ని కొనగలిగే డబ్బు మనకప్పుడు లేదు. ఈ బండి దానికి బదులని నేననడం లేదు. కానీ సంతకం పెట్టేటప్పుడు నాకు గుర్తొచ్చింది నువ్వే. మొండితనమని అమ్మ అంటే అననీ. నేను దీన్ని చూసుకోగలను. చూసుకోవడం నీ దగ్గరే నేర్చుకున్నాను, జోలాపుట్ రోడ్డు మీద గ్రీజు గన్ను పట్టుకుని నీ వెనకాల తిరిగిన పిల్లనే.

రథయాత్రకి కొరాపుట్ వెళ్తారా? నానమ్మని తీసుకెళ్తే పొద్దున్నే వెళ్ళండి, మెట్ల దగ్గర రద్దీ. అక్కడి జగన్నాథుడి గుడి, శబర శ్రీక్షేత్రం ప్రసాదం ఎండబెట్టి దాచండి, ఎవరైనా వస్తే పంపండి.

ఇక నువ్వు తేల్చాల్సిన సంగతి. 70 కిలోమీటర్ల మీద ఆక్సిలరేటరు వదిలితే వెనకనుంచి అదురు వస్తోంది. తొక్కి ఉంచితే లేదు. గేరుబాక్సు మార్చినప్పుడు వెనక ఇరుసుని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు కురచ చేశారు, పైగా కమాన్లు ఎత్తు పెంచారు. రెండూ కలిసి షాఫ్టు బాగా వాలుగా దిగుతోంది. షాఫ్టు చివర్ల కీళ్ళు, ఆ క్రాసులు కొత్తవే, ఆడించి చూశాను, లూజు లేదు. ఇక్కడ ఒక మెకానిక్కు కమాన్‌కీ ఆక్సిల్‌కీ మధ్య వాలుగా చెక్కిన పలక పెట్టి డిఫరెన్షియల్ మూతి కొంచెం పైకి తిప్పుదామంటున్నాడు. ఇంకొకతను ఎత్తు కమాన్లు తీసేసి పాత ఎత్తుకే దించేయమంటున్నాడు. నాకు రెండోదే మంచిదనిపిస్తోంది. ఎత్తు తగ్గితే మలుపుల్లో వాలడం కూడా తగ్గుతుంది, నాకు అంత ఎత్తుతో పనిలేదు. కానీ దించితే ఈ టైర్లు బాడీకి తగులుతాయా, సర్టిఫికెట్ మళ్ళీ తీసుకోవాలా అన్నవి చూడాలి. నువ్వు ఆ అదురు వినకుండా ఏమీ చెయ్యను.

వచ్చే ఆదివారం తమ్ముడు సునాబెడ నుంచి వస్తాడు కదా, వాడి ఫోన్లో వీడియో పెట్టించు. మీకు పొద్దున్న తొమ్మిదయితే నాకు ఒంటిగంటన్నర. ఇంటామె పక్కన కూర్చుని ఫోను పట్టుకుంటానంది, నేను నడుపుతాను. ఇంటి ముందు సిగ్నలు ఉండదు, స్కూలు గట్టు మీదికి వెళ్ళండి. కుర్చీ తీసుకెళ్ళు నాన్నా, నిలబడి వినొద్దు.

అందర్నీ అడిగానని చెప్పండి.

మీ అమ్మాయి

అమ్మా, కొత్త మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి. పరగడుపున వద్దు.