వినోద పార్కుల్లో పెద్దవాళ్లకూ చోటుండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పుట్టినరోజునాడు భార్యాభర్తలిద్దరూ ఏదైనా థీమ్ పార్కుకు వెళ్లి రోజంతా గడిపి రావాలనుకుంటే, విశాఖపట్నం వాసులు ముందుగా చూసుకోవలసింది రైలు టికెట్టు. కైలాసగిరి మీద రోప్‌వే, టాయ్ ట్రైన్ ఉన్నాయి. బీచ్ రోడ్డులో వుడా పార్కు, కురుసుర జలాంతర్గామి, టీయూ-142 విమానం ఉన్నాయి. కంబాలకొండను ఆనుకుని జంతు ప్రదర్శనశాల ఉంది. అయితే రోలర్ కోస్టర్ మొదలుకొని నీళ్లలో ఆటల వరకు అన్నీ పెద్ద ఎత్తున ఒకేచోట ఉండి, పొద్దున్న లోపలికి వెళ్తే చీకటి పడేదాకా బయటికి రానక్కర్లేని పార్కు కావాలంటే మనవాళ్లు ఎక్కువగా హైదరాబాదుకో, ఈమధ్య భువనేశ్వర్‌కో వెళ్తున్నారు. భోగాపురం వైపు నగరం పెరుగుతున్నకొద్దీ అలాంటి పార్కు ఇక్కడా రావాలన్న కోరిక బలపడుతోంది. నేనూ అది కోరుకునేదాన్నే. కాకపోతే ఆ పార్కును పిల్లలనూ కాలేజీ కుర్రకారునూ మాత్రమే లెక్కలో పెట్టుకుని కట్టకూడదనీ, యాభై అరవై ఏళ్లు దాటిన దంపతులు కూడా తాము చెల్లించిన డబ్బుకు తగిన సంతోషం పొందేలా కట్టాలనీ విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మావారికి అరవయ్యేళ్లు నిండినప్పుడు ఇంట్లో శాంతి హోమాలు, బంధువుల భోజనాలు పద్ధతిగానే జరిగాయి. అవన్నీ తిథి ప్రకారం. తేదీ ప్రకారం వచ్చిన పుట్టినరోజునాడు మాత్రం మేమిద్దరమే హైదరాబాదు దగ్గరున్న ఒక థీమ్ పార్కుకు వెళ్లాం. ఆయన ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల్లో పనిచేసి రిటైరైన మనిషి. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఏ ఎగ్జిబిషన్‌కి వెళ్లినా, ఏ తీర్థంలో రంగులరాట్నం కనబడినా, కింద నిలబడి చెప్పులూ సంచులూ కాపలా కాయడమే ఆయన వంతయ్యేది. అందుకే ‘ఈసారి సంచులు పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండకూడదు, ఇద్దరం ఎక్కుదాం’ అన్నారు. ఆ మాటలో ఎన్నేళ్ల కోరిక ఉందో నాకు తెలుసు. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. మా తరంలో చాలామంది తల్లిదండ్రులు పిల్లల సరదాలకు డబ్బు కట్టారే గాని తాము ఏనాడూ ఆ సీట్లలో కూర్చోలేదు. బాధ్యతలు తీరాక, ఒంట్లో ఇంకా ఓపిక ఉండగా, ఒక్క రోజు తమకోసం ఖర్చు పెట్టుకోవాలనుకుంటే ‘ఈ వయసులో ఇదేమిటి’ అనే చూపులు ఎదురుకావడం న్యాయం కాదు.

ఆ రోజు మేం మొదట ఎక్కింది, బండిని తలకిందులు చేసే గిరికీలు లేని చిన్న రోలర్ కోస్టర్. నేను హైస్కూల్లో చాలాకాలం భౌతికశాస్త్రం చెప్పాను. స్థితిశక్తి గతిశక్తిగా మారడం గురించి నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పడం వేరు, ఆ బొమ్మ మీద మనమే కూర్చుని కిందికి జారడం వేరు. ఆ బండికి ఇంజిను ఉండదు. ఒక గొలుసు దాన్ని కొండ కొసకు లాగి వదిలిపెడుతుంది, అక్కణ్ణుంచి దాన్ని నడిపేది భూమ్యాకర్షణే. ముప్పై మీటర్ల ఎత్తు నుంచి ఘర్షణ లేకుండా జారితే అడుగుకు వచ్చేసరికి వేగం గంటకు సుమారు 87 కిలోమీటర్లు అవుతుందని పిల్లల చేత లెక్క చేయించేదాన్ని. పైకి ఎక్కేటప్పుడు సీటు కింద టకటకమని చప్పుడు వస్తూ ఉంటుంది. గొలుసు తెగినా బండి వెనక్కి జారిపోకుండా మెట్టు మెట్టుకూ పట్టుకునే ఇనుప కొక్కెం చేసే చప్పుడది. భయపడనక్కర్లేదని చెప్పే చప్పుడే అందరినీ ఎక్కువగా భయపెడుతుంది. మావారు మాత్రం కొస చేరేదాకా దాన్నే శ్రద్ధగా విన్నారు. కిందికి దిగాక నా చేయి వదలకుండా ‘చక్రాలు చూశావా, పట్టాకు పైనా పక్కనా కిందా మూడు వైపులా ఉన్నాయి, అందుకే ఎగిరిపోదు’ అన్నారు. అంత సంతోషంగా ఆయన మాట్లాడడం చూసి చాలాకాలమైంది.

ఇబ్బంది ఆ తరువాత మొదలైంది. పెద్ద రోలర్ కోస్టర్ దగ్గర ఎండలో చాలాసేపు వరసలో నిలబడి, తీరా మెట్ల దాకా చేరాక అక్కడొక బోర్డు కనబడింది. రక్తపోటు, గుండెజబ్బు, నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్నవారు ఎక్కరాదని దాని సారాంశం. మావారు రక్తపోటుకు మాత్ర వేసుకుంటారని ఉన్నమాట చెప్పాం. అక్కడి కుర్రవాడు మర్యాదగానే పక్కకు తప్పుకోమన్నాడు. అతని తప్పేమీ లేదు, ఆ నిబంధనలోనూ తప్పు లేదు. గిరికీ అడుగు భాగంలో శరీరం తన బరువుకు ఎన్నో రెట్ల బరువును మోస్తున్నట్టవుతుంది, రక్తం కాళ్లవైపు దిగిపోతుంది, దాన్ని తలకు ఎక్కించడానికి గుండె మరింత గట్టిగా కొట్టుకోవలసి వస్తుంది. 1895లో అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో అచ్చమైన వృత్తాకారపు గిరికీతో ఒక బండిని నడిపితే ఎక్కినవాళ్ల మెడలు పట్టేశాయి. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో వెర్నర్ స్టెంగెల్ అనే ఇంజినీరు రూపకల్పనలో, కింద వెడల్పుగానూ పైన సన్నగానూ కన్నీటి చుక్క ఆకారంలో గిరికీ వచ్చాకే ఆ బాధ తగ్గింది. మనిషి శరీరాన్ని బట్టి ఇనుప పట్టాను వంచిన ఇంజినీరింగ్ అది. అంత కష్టమైన పని చేయగలిగినవాళ్లకు, ఎవరు ఏది ఎక్కవచ్చో టికెట్టు కొనకముందే చెప్పడం కష్టం కాదు.

నా ఫిర్యాదు అదే. మేం టికెట్టు కొన్న చోట రైడ్ల పేర్లూ రంగుల బొమ్మలూ ఉన్నాయి గాని, ఈ ఆరోగ్య నిబంధనలు లేవు. ఒకే ధర కట్టి లోపలికి వెళ్లాక, ముఖ్యమైన రైడ్లలో చాలావాటికి మేం పనికిరామని ఒక్కొక్క మెట్ల దగ్గరా విడివిడిగా తెలుసుకోవలసి వచ్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సేవల నాణ్యత, ప్రమాణం, ధర గురించి తెలుసుకునే హక్కును మనకు ఇచ్చింది. రైడ్లన్నీ ఎక్కే ఇరవయ్యేళ్ల కుర్రవాడికీ, నాలుగింటితో సరిపెట్టుకోవలసిన అరవయ్యేళ్ల మనిషికీ ఒకే టికెట్టు ఎందుకు? ప్రవేశానికి ఒక ధర, ఎక్కిన రైడుకు మరో ధర అనే పాత ఎగ్జిబిషన్ల పద్ధతి పెద్దవాళ్లకు ఎంతో నయం. వృద్ధులకు కొంత తగ్గింపు ఇచ్చే పార్కులు ఉన్నాయి, సంతోషమే. కానీ తగ్గింపు వేరు, ముందుగా చెప్పడం వేరు. ముందే తెలిస్తే మావారు ఆ వరసలో అంతసేపు నిలబడేవారు కాదు, పదిమందీ చూస్తుండగా మెట్ల మీద నుంచి వెనక్కి దిగి రావలసిన అవసరమూ ఉండేది కాదు. పుట్టినరోజునాడు ఆయన ముఖం చిన్నబోవడం నేను చూడలేకపోయాను.

భోజనం సంగతి కూడా చెప్పాలి. పొద్దున్నే కలిపి స్టీలు డబ్బాలో సర్దుకున్న పులిహోరను గేటు దగ్గరే ఆపేశారు. బయటి తిండిని అనుమతించకపోవడం చాలా పార్కుల్లో ఉన్న పద్ధతే. అయితే మాత్రలు వేసుకునేవాళ్లు వేళకు, తమకు సరిపడే తిండి తినాలి. లోపల దొరికేవి వేపుళ్లు, తీపి పానీయాలు, కారం దండిగా వేసిన నూడుల్స్. చివరకు పెరుగన్నం దొరికింది గాని, దాని కోసం పార్కు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాం. మందుల చీటీ చూపించినవారి టిఫిను డబ్బాను అనుమతించడం వల్ల ఏ పార్కుకూ నష్టం రాదు.

ఇక విశాఖ విషయానికి వస్తాను. మన ఎండ హైదరాబాదు ఎండలాంటిది కాదు. ఇక్కడ ఉక్కపోత మనిషిని తీసేస్తుంది, నీడలో నిలబడినా చెమట ఆరదు. అందువల్ల రేకుల షెడ్డు వేసి వరసకు నీడ కల్పించామంటే చాలదు, గాలి ఆడాలి, చెట్లుండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు ఈ నగరం ఎన్ని చెట్లను పోగొట్టుకుందో చూసినవాళ్లం. పోయిన చెట్టు నీడ తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో కైలాసగిరికి వెళ్లేవాళ్లందరికీ తెలుసు. కాబట్టి పార్కుకు స్థలం ఖాయమైన రోజునే, రైడ్ల పునాదుల కంటే ముందు, తుఫాను గాలికి తట్టుకునే చెట్లు నాటాలని నా విన్నపం. ఇంకొకటి సముద్రపు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు ఇళ్లలో కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రంగు వేయించినా తుప్పు పొడుచుకు వస్తూనే ఉంటుంది. ఆ గాలిలోనే ఉక్కు స్తంభాల మీద మనుషులను గిరగిరా తిప్పబోతున్నారు. రైడ్ల భద్రతకు సంబంధించి భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన మార్గదర్శకాలు ఉన్నాయి. వాటిని పాటించడంతోపాటు, ప్రతి రైడును ఆ రోజు ఎవరు ఎన్ని గంటలకు తనిఖీ చేశారో సంతకంతో సహా అందరికీ కనబడేలా తెలుగులో బోర్డు పెట్టాలి. ఇది మావారి సూచన. కర్మాగారంలో అలాంటి కాగితం చూడకుండా ఆయన ఏ యంత్రం దగ్గరికీ వెళ్లేవారు కాదట.

వరసల గురించి కూడా ఒక మాట. తిరుమలలో సమయం వేసి టోకెన్లు ఇస్తున్నారు, భక్తులు ఆ వేళకు వెళ్తే సరిపోతుంది. వినోద పార్కులో అదే పద్ధతి పెడితే పెద్దవాళ్లు చెట్టు కింద బెంచీ మీద కూర్చుని తమ వంతుకు లేచి వెళ్తారు. రైడు వరస మొదట్లోనే నమూనా సీటు ఒకటి పెడితే, దానిలోకి దిగగలమో లేదో, పైనుంచి దిగి మనిషిని పట్టి ఉంచే కడ్డీ భుజాలకు సరిపోతుందో లేదో ఎవరికి వారే చూసుకోవచ్చు. కొన్ని దేశాల పార్కుల్లో ఈ ఏర్పాటు ఉంది.

కొత్త పార్కు వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులూ ఉన్నాయి. కురుసుర మన నగరానికే గర్వకారణం. 1969లో నౌకాదళంలో చేరి, మూడు దశాబ్దాలు సేవ చేసి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న ఆ జలాంతర్గామిలో ఒక గది నుంచి మరో గదికి వెళ్లాలంటే గుండ్రటి ద్వారంలోంచి వంగి, కాలెత్తి దాటాలి. యుద్ధనౌకను మార్చమని ఎవరూ అడగరు. ఆ ద్వారం కొలతలతోనే ఒక ఇనుప చట్రాన్ని టికెట్టు కిటికీ పక్కన నిలబెడితే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే దాటి చూసుకుంటారు. లోపలికి వెళ్లలేనివాళ్లకు లోపలి గదులను తెర మీద చూపించే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. కైలాసగిరి మీద నుంచి కనిపించే సముద్రం ఏ థీమ్ పార్కులోనూ దొరకదు. ఆ అంచున వీపు ఆనించుకోవడానికి వీలున్న బెంచీలు, దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్లు, మెట్లున్న ప్రతిచోటా పట్టుకోవడానికి కమ్మీ ఉంటే, పుట్టినరోజుకు రైలెక్కి పోనక్కర్లేదనుకునే దంపతులు ఈ ఊళ్లో చాలామంది ఉంటారు.

విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ, పర్యాటక శాఖ అధికారులకు నా అభ్యర్థన ఒక్కటే. కొత్త పార్కు నమూనా ఖరారు చేసేముందు పెద్దవాళ్ల అభిప్రాయం తీసుకోండి. అందుకు సభలూ సమావేశాలూ అక్కర్లేదు. తెల్లవారుజామున వాహనాలు ఆపి బీచ్ రోడ్డును నడకకు విడిచిపెట్టే వేళ ఆ నమూనాను ఒక బల్ల మీద పరిచి కూర్చుంటే, నడవడానికి వచ్చిన దంపతులే వంగి చూసి, బెంచీ ఎక్కడ ఉండాలో, మెట్లు ఎక్కడ ఉండకూడదో వేలు పెట్టి చూపిస్తారు. మేమిద్దరమూ తప్పక వస్తాం.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయిని,
మద్దిలపాలెం, విశాఖపట్నం.