ఆర్డర్ మా మీద కాదంటే స్కూల్ బాధ్యత పోద్దా?

ఎడిటర్ గారికి నమస్కారం,

కోర్టు ఆర్డర్ ఉన్నా స్కూల్ వాళ్లు పట్టించుకోకపోతే తల్లిదండ్రులు ఎక్కడికెళ్లాలో మన కోనసీమలో చాలామందికి తెలీదు, అందుకే రాస్తున్నా. మాకు బాగా కావాల్సినవాళ్ల పాపది పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద పెట్టింది. ఊరు, స్కూల్ పేరు రాయను, పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం పిల్ల ఎవరో తెలిసేలా స్కూల్ పేరుతో సహా ఏదీ పేపర్లో రాకూడదు.

ముద్దాయికి బెయిల్ ఇచ్చినప్పుడు పాప దగ్గరికి గానీ స్కూల్ దరిదాపులకి గానీ రాకూడదని కోర్టు కండిషన్ పెట్టింది. ఆ కాపీ తల్లి వెళ్లి ఆఫీస్ రూంలో ఇచ్చొచ్చింది కూడా. అయినా యానివర్సరీ రోజు సౌండ్ బాక్సులు దించే కుర్రాళ్లతో కలిసి వాడు దర్జాగా గేటు లోపలికొచ్చి స్టేజి పక్కనే నిలబడ్డాడు, డాన్స్ కి రెడీ అయిన పిల్ల జడగంటలతోనే వెనక గేట్లోంచి ఇంటికి పరిగెత్తింది. అడిగితే ప్రిన్సిపాల్ ఏమన్నారో తెలుసా, ఆర్డర్ వాడి మీదండీ మా మీద కాదు, మీకంత భయమైతే టీసీ తీసుకోండి అని! వాడు లోపల, పిల్ల బయట, ఇదెక్కడి న్యాయమండీ.

బెయిల్ కండిషన్ ముద్దాయికే, అంతవరకు నిజం. వాడు దాన్ని తప్పితే బెయిల్ రద్దు చేయమని కోర్టులో అడగొచ్చు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా గానీ సొంత లాయర్ ద్వారా గానీ. లాయర్ ని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఫ్రీగా ఇస్తుంది, ఆడవాళ్లకి పిల్లలకి ఆదాయం ఎంతని కూడా చూడరు, ఫోన్ నంబర్ 15100.

కానీ స్కూల్ చేతులు దులుపుకుంటే కుదరదు. వాడు మళ్లీ వెంటపడ్డాడనో వేధించాడనో తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోతే పోక్సో 21వ సెక్షన్ కింద ఆ తెలిసినవాళ్లకి ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. పిల్ల తమ చేతిలో ఉన్నప్పుడు కావాలని నిర్లక్ష్యం చేస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఉంది, 3 ఏళ్ల దాకా. జిల్లా బాలల సంక్షేమ కమిటీకి ఫిర్యాదు ఇస్తే వాళ్లకి మేజిస్ట్రేట్ పవర్స్ ఉంటాయి, చైల్డ్ లైన్ నంబర్ 1098 కి ఫోన్ చేసినా స్పందిస్తారు. డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసుకీ రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ కీ కూడా కాపీ పంపండి, ఎవరూ కదలకపోతే అధికారుల మీద హైకోర్టులో రిట్ వేసే దారి ఉండనే ఉంది.

అన్నిటికంటే ముందు ఒకటి చేయండి, ఆర్డర్ కాపీ నోటితో చెప్పి ఇచ్చేసి రాకండి, కవరింగ్ లెటర్ పెట్టి స్కూల్ స్టాంపు, తేదీ వేయించుకోండి, వేయకపోతే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పాప వాళ్లమ్మ దగ్గర ఆ స్టాంపు లేకే ఇప్పుడు స్కూల్ వాళ్లు మాకసలు కాపీ ఇవ్వలేదంటున్నారు. సీసీ కెమెరా ఫుటేజ్ దాచి ఉంచమని కూడా వెంటనే రాసివ్వాలి, కొన్నాళ్లకి దాని మీద కొత్తది ఎక్కేసి పాతది పోద్ది.

డీఈఓ గారికి నా విన్నపం ఒక్కటే. ఇలాంటి ఆర్డర్ తెస్తే ప్రతి స్కూల్ రసీదు ఇవ్వాలని, ముద్దాయి ఫోటో వాచ్ మన్ దగ్గర ఉండాలని, ఏ పిల్లకీ ఇందుకోసం టీసీ ఇవ్వకూడదని స్కూళ్లు తెరిచేలోపే సర్క్యులర్ ఇవ్వండి సార్.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కోనసీమ