ఐతుకూ, మన ఆరాధన టైము మారిపోయిందిరా!

ఒరేయ్ ఐతుకూ,

వందనాలు. ఇన్నాళ్ళూ రాయలేదని కోపంగా ఉందా? ఉండనీ, చదివాక తగ్గుతుంది. ఫోన్‌లో చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నా గానీ ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు. నువ్వు "ఊఁ, తర్వాత?" అంటూ ఉంటావు, ఇంతలో సిగ్నల్ పోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. మీ చెల్లెమ్మ ఆ బళ్ళోనే చేస్తోంది. పెద్దది అయిదో తరగతి. చిన్నాడికి ముందు పళ్ళు రెండూ ఊడాయి, నవ్వితే అచ్చం మీ తాతే. నాకు షిప్‌యార్డులో షిఫ్టుల మీద షిఫ్టులు. వానలు పడుతున్నా ఉక్క తగ్గలేదు. ఇంతే.

ఇక అసలు సంగతి. మన చర్చి ఆరాధన సాయంత్రం అయిదింటికి మారింది! మన తాతల నాటి నుంచి పదింటికి గంట కొడితే కొట్టినట్టే కదా. దాన్ని మార్పించింది ఎవరో చెప్పుకో చూద్దాం. పెద్ద మాస్టారు! అవునురా, మన హిస్టరీ మాస్టారే, గోడగడియారం మాస్టారే. ఆ గడియారం కింద నిన్నూ నన్నూ నిలబెట్టిన రోజు గుర్తొచ్చి నవ్వుతున్నావు కదూ? నవ్వుకో. కానీ ఇదంతా చదివాక ఆయన మీద నీకు గౌరవం పదింతలవుతుంది.

మొదటినుంచీ చెప్తాను. వెనక తలుపు పక్కన చాప మీద కూర్చునే పెద్దమ్మ గుర్తుంది కదా, నీ నెత్తళ్ళ పిచ్చి తెలిసి ఎప్పుడూ ఓ దోసెడు ఎక్కువ వేసేది. ఆవిడా, ఆవిడతో వచ్చే చేపలమ్మే ఆడవాళ్ళూ ఏనాడూ టైముకి రారు. వాళ్ళొచ్చేసరికి ప్రసంగం సగం అయిపోతుంది. నెలలో మొదటి ఆదివారమైతే రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల కూడా అయిపోతుంది. "వీళ్ళకి బేరం ముందు, దేవుడు తర్వాత" అని కమిటీలో ఒకాయన అంటూనే ఉండేవాడు. ఎవరో నీకు వేరే చెప్పాలా, కూల్‌డ్రింకుల ప్రవక్త.

ఈ ఏడాది వేట నిషేధం వచ్చింది. ఏటా ఉండేదే, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరబోట్లు కదలవు కదా. బోటు వెళ్ళకపోతే హార్బర్‌లో వేలం లేదు, వేలం లేకపోతే వీళ్ళ గంపల్లో సరుకు లేదు. అంత కటకట రోజుల్లో ఈ ఆడవాళ్ళందరూ పది కొట్టకముందే వచ్చి కూర్చునేవాళ్ళు! మొదటి పాట వాళ్ళ గొంతుల్లోంచే లేచేది. ఆ పెద్దమ్మ గొంతు అంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది. జూన్ 14 దాటింది. తర్వాతి ఆదివారం చాపలు మళ్ళీ ఖాళీ.

అందరం చూశాం. ఆలోచించింది మాస్టారొక్కరే. ఓ శనివారం రాత్రి ఫోన్ చేసి "రేపు తెల్లారకుండా నన్ను హార్బర్‌కి తీసుకెళ్తావా నాయనా" అన్నారు. ఎందుకని అడిగితే, "చూడాలి" అన్నారంతే. ఆయనకి కళ్ళలో ఒత్తిడి జబ్బు, వెలుతురు తగ్గితే మనిషి ఆనరు. చీకట్లో నా భుజం పట్టుకుని, ఆ ఐసు నీళ్ళలో, బురదలో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. బోట్ల దగ్గర వంజరం, చందువ గుట్టలు గుట్టలు, వేలంపాట అరుపులు. పెద్దమ్మ ఆ గుంపులో నలుగుతూ పాట పెంచుతోంది. మమ్మల్ని చూసి కొంగు సర్దుకుని ఒకటే కంగారు.

"ఆదివారం బేరం ఒగ్గేత్తే వారమంతా ఏటి తింటాం మాస్టారూ? మిగతా రోజులు అమ్మింది అప్పుకీ, ఐసుకీ పోద్ది. ఈ ఒక్క రోజు అమ్మిందే ఇంటికి. దేవుడి మీద పేమ నేక కాదు బాబూ" అంది.

మాస్టారు ఏమీ అనలేదు. ఆవిడ గంప మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు.

ఇంకోటి చెప్పాలి, ఇది నేను కళ్ళారా చూసింది. ఆ రోజే మధ్యాహ్నం చర్చి వెనక కుళాయి దగ్గర పెద్దమ్మ చేతులు కడుక్కుంటోంది. సబ్బుతో కాదురా, నిమ్మచెక్కతో. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మోచేతుల దాకా రుద్దుతోంది. చాపలు పెట్టే గదిలో ఓ ప్లాస్టిక్ కవరులో ఉతికిన తెల్లచీర దాచుకుంటుందట, అక్కడే మార్చుకుంటుంది. ఇంత చేసీ వెనక తలుపు దగ్గరే ఎందుకు కూర్చుంటుందంటే, "నీసు వాసన పక్కోళ్ళకి తగలకూడదు గదా బాబూ". ఎదుటివాళ్ళ సౌకర్యం ముందు చూడాలని మనం సండే స్కూల్లో వాక్యాలు బట్టీపట్టి బహుమతులు తెచ్చుకున్నాం. ఆవిడకి చదువు రాదు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. సరే, అది ఉండనీ.

సంఘ కూటం పెట్టారు. మాస్టారు లేచి ఒకే మాట అన్నారు: "ఆరాధన సాయంత్రానికి మారుద్దాం." ఇక చూడు గోల! గాజువాక నుంచి వచ్చేవాళ్ళకి రాత్రి బస్సుల భయం. కుర్రాళ్ళకి బీచ్. పాస్టరుగారికి ఆదివారం సాయంత్రం పల్లెలో కూడిక. "మన పెద్దలు పెట్టిన టైము, మార్చడానికి మనమెవరం" అని కొందరు. వాళ్ళ బాధా నిజమే, కాదనను. చివరికి ఒకాయన లేచి, "వాళ్ళకోసం వేరేగా ఓ సాయంత్రం ఆరాధన పెట్టేద్దాం, ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు. అందరూ హమ్మయ్య అని తలలూపారు. నాకూ ఓ క్షణం అదే మేలనిపించింది.

అప్పుడు మాస్టారు బైబిల్లో కొరింథు పత్రిక తీశారు, అపొస్తలుడు పౌలు ఆ ఊరి సంఘానికి రాసిన ఉత్తరం. మొదటి పత్రిక పదకొండో అధ్యాయం. ఆ సంఘంలో ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుగా తాగి ఉన్నాడని పౌలు మండిపడ్డాడు కదా. అది ఎందుకలా జరిగిందో నేనెప్పుడూ ఆలోచించలేదు. మాస్టారు చెప్పారు: ఆ రోజుల్లో ఆదివారం సెలవు కాదు. బానిసలు, కూలివాళ్ళు పని దిగితేగానీ రాలేరు. తీరిక ఉన్నవాళ్ళు ముందే వచ్చి, తెచ్చుకున్నది తినేసేవాళ్ళు. ఆలస్యంగా వచ్చినవాడికి ఖాళీ గిన్నెలు. "వేరుగా రెండు బంతులు వెయ్యండి అని పౌలు అనలేదు. 'ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి' అన్నాడు. ఆగమన్నాడు. వేరే ఆరాధన పెడితే మనకి హాయిగానే ఉంటుంది, కానీ ఇంక ఆగేదెవరు?" అన్నారు.

తర్వాత చరిత్ర క్లాసే తీసుకున్నారు. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారాన్ని సెలవు దినం చేసింది 321లో. అంతకుముందు దాదాపు మూడు వందల ఏళ్ళు విశ్వాసులు పనులు చేసుకుంటూనే కూడుకున్నారు. 112 ప్రాంతంలో ప్లీనీ అనే గవర్నరు ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కలిసి క్రీస్తుకి పాట పాడతారనీ, మళ్ళీ తర్వాత భోజనానికి కలుస్తారనీ ఉందట. "పదింటి ఆరాధన వాక్యంలో ఎక్కడుందో ఎవరైనా చూపించండి" అన్నారు. ఎవరూ చూపించలేదు.

ఇక్కడే నీ ప్రస్తావన వచ్చిందిరా! నేను ఊరుకోలేక లేచి, "త్రోయలో పౌలు దీపాలు పెట్టుకుని అర్ధరాత్రి దాకా ప్రసంగించాడు, కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు, అది రాత్రి కూడికే కదా. మన ఐతుకు మస్కట్‌లో శుక్రవారం ఆరాధనకి వెళ్తున్నాడు, అక్కడ సెలవు అప్పుడే కాబట్టి. దేవుడు వినడం మానేశాడా?" అన్నాను. హాలంతా నవ్వులే. మీ అత్తయ్య అయితే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నువ్వు మూడో కిటికీలో నిద్రపోయిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు.

నాకు బాగా పట్టేసిన మాట ఒకటుంది, ఇది నీతోనే చెప్పుకోగలను. "తగ్గించుకోండి, సర్దుకోండి, ఎదుటివాళ్ళని ముందు చూడండి" అని మనవాళ్ళు ఎవరికి చెప్తారో గమనించావా? ఎప్పుడూ కింద ఉన్నవాళ్ళకే. వంటింట్లో ఆడవాళ్ళకి. వెనక చాప మీద వాళ్ళకి. వాళ్ళు పుట్టిన దగ్గర్నుంచీ సర్దుకుంటూనే ఉన్నారు కదరా! ఫిలిప్పీ పత్రికలో 'తన సొంతకార్యములను మాత్రమేగాక యితరుల కార్యములను కూడ' అని ఖైదులోంచి రాసిన పౌలు, వెంటనే ఎవరిని చూపించాడు? పైనుండి కిందికి దిగినవాణ్ణి. దేవుని స్వరూపం ఉండి దాసుడైనవాణ్ణి. అంటే ఆ మాట ముందు తగలాల్సింది ఎవరి టైము చర్చి టైముగా నడుస్తోందో వాళ్ళకి. అంటే మనకి. నాకు దీని మీద ఎంత కోపం వచ్చిందో, అంత ఆనందమూ... సరే, మళ్ళీ రాస్తాను దీని గురించి, ఇంకా సరిగ్గా తేలలేదు.

అసలు గమ్మత్తు ఇప్పుడు విను. అందరూ మెల్లగా ఒప్పుకుంటున్న సమయంలో పెద్దమ్మ లేచింది. ఆవిడ కూటంలో నోరు తెరవడం ఎవరూ చూడలేదు.

"నాకొద్దు" అంది.

అందరం ఉలిక్కిపడ్డాం. "మాస్టారికి సీకటడితే కళ్ళు అవుపడవు. ఆ ముసలాయన్ని రోడ్డు మీద తడుముకోమని, నాను బల్ల కాడ కూకోవాలా? నాకొద్దు బాబూ, మీ టైమే ఉంచండి" అంది.

మాస్టారు "అది నా సంగతి, నువ్వు కూర్చో అమ్మా" అంటారు. ఆవిడ "కూకోను" అంటుంది. ఈయన వదలరు, ఆవిడ తగ్గదు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు వాదించుకుంటుంటే పాస్టరుగారు నోట మాట రాక అలా నిలబడిపోయారు. చివరికి ఆవిడే తేల్చింది: "మా గుంటడికి ఆటో ఉంది. ఆడే తెచ్చి ఆడే దింపుతాడు. అలగైతేనే ఒప్పుకుంటాను." మాస్టారు డబ్బులిస్తానన్నారు. "మళ్ళీ మొదలెట్టకండి" అంది!

తర్వాత అన్నీ వాటంతటవే కుదిరాయి. పల్లెవాళ్ళని అడిగితే, ఉదయం కూడిక వాళ్ళకే మేలన్నారట, పాస్టరుగారు అటూ ఇటూ మార్చేసుకున్నారు. కేజీహెచ్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగే మన నర్సులు కూడా పగలు నిద్రపోయి హాయిగా వస్తున్నారు, వాళ్ళ కష్టం అంతకుముందు ఎవరికీ తట్టనే లేదు. ఏడింటికల్లా ముగించి తీరాలని మాస్టారి షరతు. గడియారం గడియారమే మరి.

జూలై మొదటి ఆదివారం బల్ల, ఆ తర్వాత ప్రేమవిందు. కోడికూర, పప్పుచారు, పెరుగుచట్నీ. ఇదివరకు వాళ్ళొచ్చేసరికి ముక్కలైపోయి పులుసే మిగిలేది కదా, ఈసారి వడ్డన బాధ్యత వాళ్ళకే ఇచ్చారు. ఇదీ మాస్టారి ఆలోచనే. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో, రోజువారీ పంపకంలో తమ విధవరాళ్ళని చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగినప్పుడు ఏడుగుర్ని ఏర్పరచారు కదా. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకోరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే! ఎవరు బాధపడ్డారో గరిటె వాళ్ళ వైపువాళ్ళ చేతికే ఇచ్చారన్నమాట. పెద్దమ్మ గరిటె పట్టుకుని, కూల్‌డ్రింకుల ప్రవక్తకి పెద్ద తొడముక్క వేసి "తిను బాబూ, సిక్కిపోనావు" అంది. ఆయన తల దించుకుని తిన్నాడు. మర్నాడు ఆయనే, గాజువాక వాళ్ళని రాత్రి తన కారులో దింపుతానని పేరు రాయించుకున్నాడు. చూశావా!

అన్నీ సర్దుకున్నాయని కాదు. రెండు కుటుంబాలు అలిగి రావడం లేదు, వెళ్ళి మాట్లాడాలి, వాళ్ళకీ ఏదో ఇబ్బంది ఉండే ఉంటుంది. కుర్రాళ్ళ కీబోర్డు పాట ఒకటి స్కేలు కుదరడం లేదు, పెద్దమ్మ గొంతుకి తగ్గట్టు ఎంతకి దించాలో నువ్వు చెప్పాలి, ఆ పాట ఏదంటే

అయ్యో, మీ తమ్ముడు కింద హారన్ మీద హారన్ కొడుతున్నాడు, ఎయిర్‌పోర్టుకి టైమైపోయిందట. ఇది వాడి చేతికే ఇస్తున్నాను. ఆవకాయ డబ్బా మూత సరిగ్గా బిగలేదు, నిలువుగా పెట్టమని చెప్పు. పాట పేరు ఫోన్‌లో చెప్తా

నీ
గొడుగు బావ